ఇంటికి కట్టిన పురికొస

శౌరయ్యగారిని నేను మొదటిసారి చూసింది పోట్లాటకి వెళ్ళినప్పుడు.

అప్పట్లో మేం పటమటలో, బందరు కాలవకి దగ్గర్లో, ఒక రైస్‌మిల్లు పక్క మేడ మీద అద్దెకుండేవాళ్ళం. మిల్లూ ఇల్లూ వెంకటసుబ్బారావుగారివే. కింది భాగంలో ఆయన తవుడు బస్తాలు వేసుకునేవారు. పైన రెండు గదులూ ఒక వరండా మావి. మావారు రైల్వే గార్డు. వారంలో నాలుగు రోజులు ఇంట్లో ఉండరు. నేను ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు టీచర్ని. ఆ ఏడాది మాత్రం సెలవులో ఉన్నాను. పాప ఏడో నెలలోనే పుట్టేసింది. ఏప్రిల్‌కి దానికి నాలుగు నెలలు నిండినా, చూసినవాళ్ళు నెలబిడ్డ అనుకునేవాళ్ళు. డాక్టరమ్మ ఒకటే చెప్పింది: "పాలు, నిద్ర. ఇంకే మందులూ వద్దు. నిద్రపోతేనే బరువు పెరుగుతుంది."

అది 1974. రోజుకి ఐదారు గంటలు కరెంటు కోత. మోటారు మీద మిల్లు నడవక, సుబ్బారావుగారు చల్లపల్లి వైపు మూతపడ్డ ఒక మిల్లులోంచి పాత ఆయిలింజను కొనుక్కొచ్చారు. ఒకటే సిలిండరు, మనిషెత్తు చక్రం. మా గోడకి పది అడుగుల దూరంలో రేకుల షెడ్డు వేసి, అందులో దిమ్మె కట్టి దాన్ని నిలబెట్టారు.

ఇంజను మొదలైన రోజున వంటగట్టు మీద పెట్టిన గిన్నెలో నీళ్ళు వలయాలు తిరిగాయి. దూలానికి కట్టిన ఉయ్యాల ఎవరూ ఊపకుండానే కదిలింది. ఉయ్యాల కదిలితే మంచిదే కదా అనుకుంటారేమో. అది ఊపు కాదు, వణుకు. పాప రెండు చేతులూ గాల్లోకి విసిరి ఉలిక్కిపడి లేచేది, తాగిన పాలు కక్కేసేది. కిటికీ పైన గోడలో వెంట్రుకంత ఉన్న బీట వారం తిరిగేసరికి నా వేలిగోరు దూరేంత అయింది. అది పైకి పాకి దూలం దాకా వెళ్ళింది. నేను రోజంతా ఆ బీటనీ పాపనీ మార్చి మార్చి చూస్తూ కూర్చునేదాన్ని.

ఎనిమిదో రోజున పాపని భుజాన వేసుకుని షెడ్డులోకి వెళ్ళాను. ఇంజను పక్కన పీట మీద సన్నగా, పొడుగ్గా ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. ఖాకీ చొక్కా, మోకాళ్ళ పైకి మడిచిన లుంగీ, మెడలో నల్లతాడుకి మరియమ్మ స్వరూపం ఉన్న బిళ్ళ. "ఏవండీ, పైన పసిపిల్ల ఉందని మీకెవరూ చెప్పలేదా? ఇల్లు కూలిపోతే ఎవరు సమాధానం చెప్తారు?" అని గొంతు చించుకుని అరిచాను. ఆయన తల కూడా తిప్పలేదు.

తవుడు జల్లించే ఆదెమ్మ జల్లెడ పక్కనపెట్టి నవ్వింది. "ఆ చెవి పనిచెయ్యదు టీచరమ్మా. ఇటు పక్కకొచ్చి తిట్టు. ఈ చెవిలో తిట్టు కాస్త ఎక్కుద్ది."

అటు పక్కకి వెళ్ళి మళ్ళీ మొదలుపెట్టేసరికి నా కోపం సగం పోయింది. ఆయన చివరిదాకా విన్నాడు. పాప వైపు చూశాడు. "మజ్జాన్నం ఇంజను ఆపినాక వస్తానమ్మా. గోడ సూడాల" అన్నాడు.

అన్నట్టే వచ్చాడు. గుమ్మం బయట చెప్పులిడిచి, కాళ్ళు కడుక్కుని, నేను రమ్మన్నాకే లోపలికొచ్చాడు. బీట వైపు ఒకసారి చూశాడు. గోడకి రెండరచేతులూ ఆనించి నిలబడ్డాడు. ఇంజను ఆగి ఉంది, ఆ గోడలో ఏం వినపడుతుందో నాకర్థం కాలేదు.

"పాప ఎప్పుడు లేస్తదమ్మా? ఇంజను ఎత్తుకునేటప్పుడా, నడిసేటప్పుడా, ఆగేటప్పుడా?"

వారం రోజులు ఏడ్చానే తప్ప ఆ సంగతి గమనించలేదు. పిల్లలకి పరిశీలన అంటే ఏమిటో బోర్డు మీద రాసి చెప్పేదాన్ని నేనే.

మర్నాడు గడియారం దగ్గర పెట్టుకుని కూర్చున్నాను. ఇంజను నడిచినంతసేపూ ఇల్లు వణకటం లేదు. ఉన్నట్టుండి మొదలై రెండు మూడు నిమిషాలుండి తగ్గిపోతోంది. పొగగొట్టం దెబ్బలు లెక్కపెట్టమన్నాడు శౌరయ్యగారు, లెక్కపెట్టాను. నిమిషానికి నూట నలభై దెబ్బలున్నప్పుడు గిన్నెలో నీళ్ళు కాస్త మెదులుతున్నాయంతే. నూట యాభైకి వచ్చేసరికి తలుపు గొళ్ళెం కూడా టకటకలాడుతోంది.

"అదేనమ్మా. వడ్లు దంచే హల్లర్లోకి గింజ సరిగా దిగకపోతే ఇంజనుకి బరువు తగ్గుద్ది. తగ్గంగానే పరిగెత్తుద్ది. ఆ పరుగు మీ మేడకి ఇష్టమైన పరుగు. రెండూ కలిసి గంతులేస్తన్నయ్."

మేడకి ఇష్టమైన పరుగు! దీన్నే పుస్తకాల్లో అనునాదం అంటారు. ఉయ్యాల బల్లని దాని ఊపుకి సరిపోయే సమయంలో చిన్నగా తోస్తే చాలు, అంతెత్తుకి లేస్తుంది. మా మేడ ఊపూ ఆ ఇంజను తోపూ ఒక వేగం దగ్గర కలుస్తున్నాయి. శౌరయ్యగారు బడికి వెళ్ళింది మూడో తరగతి దాకానేనట.

ఆయన ముందు సుబ్బారావుగారిని ఒప్పించి ఇంజను కాళ్ళ కింద మెత్త వేయించాడు. ఆటోనగర్ నుంచి పాత లారీ టైర్లు తెచ్చి, ముక్కలు కోసి, దిమ్మెకీ ఇంజను కింది దుంగలకీ మధ్య పొరలుగా పేర్చారు. గోడ వణుకు సగానికి సగం తగ్గింది. కానీ కొత్త పేచీ వచ్చింది. ఇంజను ఎత్తుకునేటప్పుడు, మెల్లగా తిరిగే ఆ కాసేపూ, అది టైర్ల మీద అటూ ఇటూ ఊగిపోయేది. ఆయన రెండు చేతులతో చక్రం తోసి దాన్ని త్వరగా ఆ వేగం దాటించేవాడు. "ఇట్టాంటి దూడలు ఉంటయ్‌లే. లేచి నిలబడేదాకా తన్నుద్ది" అనేవాడు.

తర్వాత షెడ్డుకీ మా గోడకీ మధ్య నడుములోతు కందకం తవ్వించాం. దాన్ని ఊకతో నింపుదామన్నది సుబ్బారావుగారు. ఊక మిల్లులో కొండలా పడి ఉంది, ఎటూ దాన్ని ఎక్కడ పారబొయ్యాలా అని చూస్తున్నారు. వదులుగా ఉండే పదార్థం అదురుని మింగేస్తుందని నేనూ వంత పాడాను. శౌరయ్యగారు సరేనన్నాడు. మే నెల. కాలవలు కట్టేసి ఉన్నాయి. నల్లరేగడి నేల నెర్రెలు విచ్చి, గొయ్యి అడుగు దాకా ఎండిపోయి ఉంది. ముగ్గురం కృష్ణాజిల్లాలో పుట్టి పెరిగినవాళ్ళమే. జూన్‌లో కాలవలకి నీళ్ళొదిలితే పొలాలతో పాటు మా దొడ్లలో నేల కూడా ఊరుతుందని మాకెవరూ చెప్పక్కర్లేదు. అయినా ఆ రోజున ఒక్కరికీ గుర్తు రాలేదు.

టైర్లూ ఊకా మింగగా మిగిలిన వణుకుని శౌరయ్యగారు చేత్తో పట్టేవాడు. హల్లరు తొట్టికి వడ్లు జారే దగ్గర ఒక తలుపుచెక్క ఉంటుంది. దానికి తాడు కట్టి, గిలక మీదుగా తన పీట దగ్గరికి తెచ్చుకున్నాడు. తాడు లాగితే వడ్లు ఎక్కువ పడి ఇంజను నెమ్మదిస్తుంది, వదిలితే వేగం పుంజుకుంటుంది. ఇంజనుకి వేగం అదుపుచేసే దాని సొంత గవర్నరు ఉంది గానీ పాతబడిపోయి ఎప్పుడూ ఆలస్యంగా మేలుకునేది. అయితే షెడ్డులో కూర్చున్న మనిషికి మేడ సంగతి ఎలా తెలియాలి? ఆ ఉపాయం కూడా ఆయనదే. మా కిటికీ ఊచకి పురికొస కట్టి, రెండో కొస కిందికి దించి, బిగుతుగా తన ఎడమచేతి వేళ్ళకి చుట్టుకున్నాడు. మేడ కాస్త మెదిలినా ఆ పురికొసలో తెలిసేది. ఎడమచేత్తో ఇంటి నాడి పట్టుకుని, కుడిచేత్తో ఇంజనుకి బరువు వెయ్యటమూ తియ్యటమూ.

"ఏం మావా, ఇంటిని తాడేసి కట్టావేంది? రాత్రికి పారిపోద్దనా?" అనేది ఆదెమ్మ.

"ముందు నీ నోటికి కట్టాల్సింది. పురికొస చాల్లేదు."

ఆ నెల పాప పడుకుంది. రెండేసి గంటలు, మూడేసి గంటలు. నేను ఉయ్యాల పక్కన చాప మీద ఒరిగి, అది ఊపిరి తీస్తోందో లేదో చూసుకుంటూ, కింద నుంచి వచ్చే దెబ్బలు లెక్కపెట్టేదాన్ని. నూట నలభై. నూట నలభై రెండు. నూట ముప్ఫై తొమ్మిది. నెలాఖరుకి డాక్టరమ్మ తూకం చూసి, "ఏం చేశారండీ?" అని అడిగింది.

సాయంత్రాలు ఇంజను ఆపాక శౌరయ్యగారు మా మెట్ల మీద కూర్చుని మజ్జిగ తాగి వెళ్ళేవాడు. ఆయన కథ అలా ముక్కలు ముక్కలుగా తెలిసింది. చల్లపల్లి దగ్గర పల్లె. తండ్రి పాలేరు. ఈయన మాత్రం మిల్లులో చేరి ముప్ఫై రెండేళ్ళు ఆ ఇంజను పక్కనే కూర్చున్నాడు. ఎడమ చెవి దానికే ఇచ్చేశాడు, కుడిచేతి చిటికెనవేలి కొస కూడా. భార్య దానమ్మ ఊళ్ళో ఈతచాపలు అల్లుతుంది. పిల్లల్లేరు. మిల్లు మూతపడ్డప్పుడు ఇంజను కొనడానికి వచ్చిన సుబ్బారావుగారు, "ఇది ఇంకెవరి మాటా వినదటగా, నువ్వూ రా" అన్నారట. "ఇంజనుకి నన్ను కట్నంగా ఇచ్చారమ్మా" అని నవ్వాడు. నవ్వటం కూడా ఆయనకి పనిలాగే ఉండేది. మొదలుపెట్టి, సగంలో ఆపేసేవాడు.

జూన్ మూడో వారంలో కాలవలకి నీళ్ళొదిలారు. ఐదారు రోజులకి కందకంలో ఊక నల్లబడింది. చెయ్యి పెడితే చెమ్మ. జూలై వచ్చేసరికి మోకాలి లోతు నీళ్ళూరి, ఊక కుళ్ళి పేడలా ముద్దైపోయింది. నానిన నేల అదురుని తిన్నగా మా గోడకి మోసుకొచ్చింది. గిన్నెలో వలయాలు మళ్ళీ మొదలయ్యాయి. వానల్లో కందకం ఖాళీ చెయ్యటం కుదరదన్నారు సుబ్బారావుగారు. పైగా కరెంటు కోత పెరిగి ఇంజను పదకొండు గంటలు నడుస్తోంది, ఆదివారాలు కూడా. శౌరయ్యగారు చర్చికి వెళ్ళటం మానేశాడు.

అయినా పాప పడుకుంటూనే ఉంది. ఎలాగంటే, ఆయన పీట మీంచి లేవటం మానేశాడు. అన్నం కూడా ఆదెమ్మ కలిపి పక్కన పెడితే, ఇంజను ఒక్క పదినిమిషాలు నిలకడగా ఉన్నప్పుడు తినేవాడు. ఒకరోజు మజ్జిగ గ్లాసు అందుకోబోతే కుడిచెయ్యి పైకి లేవలేదు. రెండో చేత్తో పట్టుకుని ఎత్తాడు.

"భుజం పట్టేసిందా?" అన్నాను.

"ఇదివరకు సగం ఊక మోసేదమ్మా, సగం నేను. ఇప్పుడు ఊక సెలవెట్టింది."

నేను నూనె సీసా ఇచ్చాను, రాసుకోమని. ఇప్పుడు తలుచుకుంటే, అంతకంటే ఏమీ చెయ్యలేదు నేను. నాకు పాప తూకం కావాలి. ఆయన లేవకుండా కూర్చుంటే అది పెరుగుతోంది.

సెప్టెంబరు ఆఖరున ఒక సాయంత్రం మెట్లెక్కి వచ్చి, కూర్చోకుండా నిలబడ్డాడు.

"అమ్మా, వచ్చే సోమారం నుంచి ఎనిమిది రోజులు ఇంటికాడ పనుంది. అయ్యగారినడిగితే, 'నాదేముంది, పైన టీచరమ్మ గోడ, టీచరమ్మ బిడ్డ. ఆవిడ సరేనంటే వెళ్ళు' అన్నారు."

ఆ వారమే బీటలో ఇటుక ముక్క ఒకటి కదిలింది. పాపకి జలుబు. మావారు డ్యూటీలో ఉన్నారు. నేనేం పని అని కూడా అడగలేదు. "దసరా వెళ్ళాక వెళ్ళకూడదా శౌరయ్యగారూ? ఈ జలుబు తగ్గనివ్వండి. మీరు లేకపోతే నాకు కాళ్ళూ చేతులూ ఆడవు" అన్నాను.

"సరేనమ్మా" అన్నాడు. మజ్జిగ తాగకుండా దిగిపోయాడు.

మర్నాడు పొద్దున ఆదెమ్మ పైకొచ్చింది. ఎప్పుడూ గుమ్మంలోంచే వేళాకోళం మొదలుపెట్టే మనిషి, ఆ రోజు కొట్టడానికి చీపురు పట్టుకున్నదానిలా నిలబడింది.

"టీచరమ్మా, మావని వద్దన్నావంటగా?"

"దసరా తర్వాత వెళ్ళమన్నాను."

"దసరా తర్వాత శిబిరం ఉంటదా? చల్లపల్లిలో కంటి శిబిరం సోమారం మొదలు. దానమ్మకి ఒక కన్ను పోయి రెండేళ్ళు. రెండోదానికీ పొర కమ్మింది. పొయ్యి ఏదో చెయ్యి ఏదో తెలవక మొన్న కాల్చుకుంది. తోడు మనిషి లేకపోతే ఆపరేషన్ చెయ్యరు. మళ్ళీ శిబిరం ఏడాదికో, ఎప్పటికో."

"నాకు చెప్పలేదే ఆయన."

"నువ్వడిగావా?"

పాప నా ఒళ్ళో ఉంది. ఆదెమ్మ దాన్ని తీసుకుని, "ఎల్లు. కిందకెళ్ళి మాట్టాడు. బిడ్డని నేను సూత్తాలే" అంది.

శౌరయ్యగారు పీట మీద ఉన్నాడు. నాకు క్షమాపణ చెప్పటం చేతకాలేదు. దానికి బదులు, "ఆ పురికొస నాకివ్వండి. నేర్పండి. ఎనిమిది రోజులు నేను కూర్చుంటాను" అన్నాను. ఆయన నా మొహంలోకి చూసి, లేచి పీట ఇచ్చాడు. లేవడానికి మోకాలి మీద రెండు చేతులూ ఆనించాల్సి వచ్చింది.

నాకు విషయం తెలుసు కదా, చెయ్యగలననుకున్నాను. పురికొస వేళ్ళకి చుట్టుకున్నాను. కాసేపటికి అందులో చీమ పాకినట్టు తెలిసింది. వెంటనే తాడు లాగాను. వడ్లు జారి, హల్లరు బరువెక్కి, ఇంజను దాకా ఆ బరువు వచ్చేసరికి ఆరేడు క్షణాలు పట్టింది. ఈలోగా వణుకు పెరిగి, దానంతటదే తగ్గటం కూడా మొదలైంది. నా బరువు అప్పుడొచ్చి పడింది. ఇంజను మరీ నెమ్మదించి ఊగింది. కంగారుగా తాడు వదిలాను. ఈసారి పరుగు అందుకుంది. నేను దిద్దినకొద్దీ అది ఎక్కువవుతోంది. పైనుంచి పాప ఏడుపు వినిపించింది.

"వణికినాక పట్టుకుంటే లాభం లేదమ్మా. వణకబోయేముందు పట్టుకోవాల."

"ఎలా తెలుస్తుంది?"

"బెల్టు సవ్వడి మారుద్ది. వడ్లు పచ్చిగా ఉంటే ఒకరకం, ఎండినయ్యైతే ఒకరకం... నాకు చెప్పటం రాదమ్మా" అన్నాడు.

అరగంట కూర్చున్నాను. వేళ్ళు మొద్దుబారాయి, మెడ కర్రలా బిగుసుకుంది, చెవుల్లో దెబ్బలు తప్ప ఇంకేమీ లేవు. చూపు తిప్పితే తప్పు, దగ్గితే తప్పు. ఆయన జూలై నుంచి రోజుకి పదకొండు గంటలు ఇలా కూర్చున్నాడు. పురికొస ఆయనకి తిరిగిచ్చేసి, "సోమవారం మీరు వెళ్ళండి" అన్నాను.

"మరి పాప?"

"పాప సంగతి నేను చూసుకుంటాను."

ఎలా చూసుకుంటానో నాకే తెలియదు.

సుబ్బారావుగారి దగ్గరికి వెళ్ళాను. ఆయన గల్లా దగ్గర కూర్చుని చుట్ట వెలిగించుకుంటున్నారు.

"బాబాయిగారూ, శౌరయ్యగారిని వెళ్ళమన్నాను. ఆ ఎనిమిది రోజులూ రెండు హల్లర్లలో ఒక్కటే, ఇంజనుకి నూనె తగ్గించి నడపండి. నిమిషానికి నూట ఇరవై దెబ్బలు మించకపోతే ఆ టైర్లే చాలు, చెయ్యి అక్కర్లేదు."

"దసరా ముందు సగం మిల్లు ఆపుకోమంటావా అమ్మాయ్? మీ పాప నిద్రపోవాలని నా మిల్లుకి జోలపాడనా?"

"నన్నడగమంది మీరే కదండీ. ఆయన అడిగారు, సరేనన్నాను. ఇంకెలా నడుపుతారో మీ ఇష్టం. గోడ కూడా మీదే."

"సైన్సు టీచరువి కాదమ్మా నువ్వు, ప్లీడరువి" అన్నారాయన చుట్ట తీసి. కానీ ఒప్పుకోలేదు.

సోమవారం శౌరయ్యగారు చేతిసంచితో బందరు బస్సెక్కాడు. ఆయన వెనక్కి తిరిగి మేడ వైపు చూశాడు, నేను వరండాలోంచి చెయ్యి ఊపాను. ఆ రోజే, ఆయన బదులు సుబ్బారావుగారు పెట్టిన కొత్త డ్రైవరు కుర్రాడు రెండు హల్లర్లూ నడిపాడు. పొద్దున్నించీ సాయంత్రం దాకా ఇంటి వణుకు ఆగలేదు. ఉయ్యాల విప్పేసి పాపని ఒళ్ళో పెట్టుకుని, గోడకి దూరంగా వరండా చివర కూర్చున్నాను. నా ఒళ్ళే దానికి మెత్త. మంగళవారం దానికి మూడుసార్లు వాంతి అయింది. బుధవారం మధ్యాహ్నం బీట పక్కన పళ్ళెమంత పెచ్చు ఊడి, అంతకుముందు ఉయ్యాల ఉన్న చోట పడింది. నేను అరిచిన అరుపుకి సుబ్బారావుగారే మెట్లెక్కి వచ్చారు. పెచ్చునీ, గోడనీ, నన్నూ చూశారు. గబగబా దిగిపోయారు. పది నిమిషాలకి దెబ్బలు తగ్గాయి. లెక్కపెట్టాను. నూట పద్దెనిమిది. మిగిలిన రోజులు ఒక్క హల్లరే నడిచింది. గురువారం వాన తెరిపి ఇస్తే కందకంలో కుళ్ళిన ఊక కూడా తోడించారు. చెయ్యటం కుదరదన్న పని ఒక్క పూటలో అయిపోయింది.

శౌరయ్యగారు తొమ్మిదో రోజు మధ్యాహ్నం వచ్చాడు. భోజనాలవేళ, ఇంజను ఆగి ఉంది. గడ్డం మాసిపోయి ఉంది. మెట్ల మీద కూర్చోబోతే వరండాలోకి రమ్మని చాప వేశాను. గోడకి ఆనుకుని కూర్చున్నాడు.

"చేశారా? కనిపిస్తోందా?"

"చేశారమ్మా. ఆపరేషన్ కాసేపే. తర్వాతే ఉంది. కళ్ళకి కట్టు కట్టి, తలకి అటో ఇసుక సంచి ఇటో ఇసుక సంచి పెట్టి, ఐదు రోజులు కదలగూడదన్నారు. కదిల్తే కుట్టు పోద్దంట, కన్నూ పోద్దంట. దానమ్మకి దగ్గు. దగ్గొస్తే సంచులేం చేస్తయ్? నుదుటి మీద చెయ్యేసి కూకున్నా. గొంతులో గురగుర మొదలవంగానే అదిమిపట్టేవాణ్ణి."

"ఐదు రోజులా?"

"ఐదు పగళ్ళు, ఐదు రాత్రులు. పక్కమంచం వాళ్ళ మనిషి కాసేపు పట్టుకుంటానంది. దగ్గినాక పట్టుకునేది ఆవిడ." అని కొంచెం నవ్వాడు.

"కట్టు విప్పాక ఏమన్నారు ఆవిడ?"

"ఏమంటది? నా మొకం సూసి, 'ఎవరయ్యా ఈ ముసలోడు, మా ఆయనేడి' అంది. వార్డంతా నవ్వింది. తర్వాత నా చెయ్యి పట్టుకు సూసింది. ఎత్తమంది. ఎత్తలేకపొయ్యా. ఇంక ఎల్లొద్దంది."

నాకు ముందుగా తోచింది పాప గురించేనని ఒప్పుకోవాలి.

"అయ్యగారికి ఈ నెలాఖరు దాకా ఉంటానని చెప్పొచ్చా. కందకం బాగు చేయించారుగా. ఈ మూడు వారాల్లో ఆ కుర్రోడికి నేర్పుతా. నేర్పలేకపోతే ఒక్క హల్లరే నడుపుకోమంటా. మీరేమంటారో అని..."

"నేనేమీ అనను శౌరయ్యగారూ. మేం కూడా వేరే ఇల్లు చూసుకుంటున్నాం" అన్నాను. అప్పటిదాకా చూడలేదు. ఆ సాయంత్రం నుంచి చూశాం. కార్తీకంలో మొగల్రాజపురం మారిపోయాం. ఆయన అప్పటికే చల్లపల్లి వెళ్ళిపోయాడు. అక్కడ దానమ్మ అల్లిన చాపలు సంతలో అమ్ముతున్నాడని తర్వాత ఆదెమ్మ చెప్పింది.

ఆ రోజు మాత్రం, మజ్జిగ కలుపుకొద్దామని లోపలికి వెళ్ళి వచ్చేసరికి, ఆయన గోడకి తల ఆనించి నిద్రపోయి ఉన్నాడు. నోరు కాస్త తెరుచుకుని ఉంది. కుడిచెయ్యి ఒళ్ళో వెల్లకిలా పడి ఉంది. కింద నుంచి సుబ్బారావుగారి గుమస్తా పిలిచాడు: "శౌరయ్యా! టైమైంది, ఇంజను ఎత్తాల!" నేను వరండా అంచుకి వెళ్ళి, కాసేపు ఆగమని చెయ్యి ఊపాను. అప్పుడే లోపల పాప లేచి రాగం తీసింది. గ్లాసు కింద పెట్టి పరిగెత్తి, దాన్ని భుజాన వేసుకుని, వెనక మెట్ల మీదుగా దొడ్లోకి దిగి, ఏడుపు పైకి వినిపించనంత దూరం నడిచాను.